నాలుగేళ్ళు వాడిన రెండు పెల్విక్ ఫ్లోర్ బయోఫీడ్‌బ్యాక్ పరికరాలు

పెల్విక్ ఫ్లోర్ అంటే మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరని కింది నుంచి మోసే కండరాలు. అవి ఎంత బిగుస్తున్నాయో, ఎంత వదులుతున్నాయో చూపించేవే ఈ బయోఫీడ్‌బ్యాక్ పరికరాలు. అమలాపురంలో మా ఫిజియోథెరపీ గదిలో రెండు రకాలూ ఉన్నాయి. ఒకటి గాలి బల్బు రకం. యోనిలో పెట్టే సిలికాన్ బల్బు, ట్యూబు, చివర ముల్లున్న డయల్, అంతే. రెండోది ఈఎంజీ రకం. కండరం బిగిసినప్పుడు పుట్టే విద్యుత్తును, లోపల పెట్టే ప్రోబ్‌తోనో చర్మానికి అంటించే ఎలక్ట్రోడ్లతోనో, మైక్రోవోల్టుల్లో పట్టి ల్యాప్‌టాప్ మీద గీత గీస్తుంది. ఖరీదు బల్బుకి ఎన్నో రెట్లు. దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోయేవాళ్ళకి, గర్భసంచి కాస్త జారినవాళ్ళకి బల్బూ ఈఎంజీ రెండూ వాడాం. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన మగవాళ్ళకి ఈఎంజీ ఒక్కటే.

ముందు ఒక మాట. బల్బు ఆలోచన కొత్తదేం కాదు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు 1948లో రాసిన వ్యాసంలోనే పీడనం కొలిచే మీటరు ఉంది. ఆ తర్వాత బ్రిటన్‌లో 600 మంది ఆడవాళ్ళ మీద చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. వ్యాయామానికి ఈఎంజీ జోడించినవాళ్ళకీ, వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళకీ రెండేళ్ళ తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. మా గదిలో కనపడేదీ దానికి దగ్గరే. కండరం దొరికినవాళ్ళకి ఇది దండగ. ‘ఎక్కడ బిగించాలో తెలీట్లేదండీ’ అనేవాళ్ళకి మాత్రం రెండు మూడు సార్లలోనే దారి చూపిస్తుంది.

అసలు తిరకాసు ‘బిగించండి’ అన్న మాటలోనే ఉంది. ఆ మాట వినగానే సగం మంది పొట్ట బిగిస్తారు, పిరుదులు బిగిస్తారు, ఊపిరి బిగబడతారు. ఇంకొందరు ఏకంగా ముక్కుతారు. ముక్కితే పొట్టలో ఒత్తిడి పెరిగి బల్బు మీద పడుతుంది, డయల్ ముల్లు గబుక్కున లేస్తుంది. ముల్లు లేచిందని సంబరపడి అదే రోజూ చేస్తే జారిన గర్భసంచి ఇంకా కిందికి వస్తుంది. లాగడానికీ ముక్కడానికీ తేడా డయల్‌కి తెలియదు, కంటితో చూసుకోవాల్సిందే. చేతి అద్దం పెట్టుకుంటే చాలు. సరిగ్గా చేస్తే బల్బు లోపలికి పీల్చుకుంటుంది, ముక్కితే బయటికి జారుతుంది. అందుకే మేం ‘బిగించండి’ అనడం మానేశాం. ‘నలుగురిలో గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాక్కోండమ్మా, ఊపిరి మాత్రం ఆపకండి’ అంటాం.

బల్బు వాడే పద్ధతి. మూత్రానికి వెళ్ళొచ్చి, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవాలి. బల్బు పెట్టి, కొద్దిగా గాలి కొట్టి, అది నిలకడ పడ్డాక అప్పుడు సున్నా చేయాలి. పెట్టకముందే సున్నా చేస్తే లోపలి ఒత్తిడి కూడా మీ బలంలో కలిసిపోతుంది. 10 సెకన్లు లాగి పట్టడం, 10 సెకన్లు పూర్తిగా వదలడం, ఇలా 10 సార్లు. 10 సెకన్లు నిలవకపోతే 3 సెకన్లతో మొదలుపెట్టండి. తర్వాత చకచకా 10 సార్లు లాగి వదలాలి. నించుంటే అంకె మారిపోతుంది, వేరే కంపెనీ బల్బయితే మరీను. పక్కింటావిడ అంకెతో పోల్చుకోవడం వృథా. అదే బల్బు, అదే భంగిమ, మీ పాత అంకె, వీటితోనే లెక్క.

ఈఎంజీ డబ్బుకి తగ్గది ఒక్క విషయంలో: వదలడం చూపిస్తుంది. మొదటి నిమిషం ఏమీ చేయకుండా పడుకోబెట్టి గీత చూస్తాం. 2 మైక్రోవోల్టుల కింద నిలకడగా ఉంటే సరే. అక్కడే ఎత్తుగా, ముళ్ళముళ్ళుగా ఉండి, పొత్తికడుపులో నొప్పి కూడా ఉంటే, వాళ్ళకి బిగించే వ్యాయామం ఇవ్వడం తప్పు. ముందు వదలడం నేర్పాలి. మలం పోవడానికి ముక్కేటప్పుడు కండరం వదలకుండా బిగుసుకుపోయే మలబద్ధకంలో కూడా ఇదే ఉపయోగం. రెండో ఛానల్ ఉన్న పెట్టె కొనండి. ఒక జత అంటించే ఎలక్ట్రోడ్లు మలద్వారానికి అటూ ఇటూ, ఇంకో జత పొట్ట మీద. పొట్ట గీత లేచి కింది గీత లేవకపోతే దొంగతనం దొరికినట్టే.

ఇక్కడి తేమకి ఆ ఎలక్ట్రోడ్లు నిలవవు. చెమట పొడి గుడ్డతో తుడిచి అంటించినా ఏప్రిల్, మే నెలల్లో అంచులు లేచిపోతాయి, గీత ఊరికే గెంతుతుంది. రోగి కండరం అనుకునేరు, ముందు అంచులు నొక్కి చూడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ ఎక్కినప్పుడు అడుగు గీత మొత్తం పైకి లేస్తుంది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే చాలావరకు దిగుతుంది.

కోనసీమలో ఏదడిగినా కొబ్బరినూనె. బల్బు, ప్రోబ్ లోపలికి జారడానికి మాత్రం అది వద్దు. నూనె తగిలితే పరికరం మీద వేసే లేటెక్స్ తొడుగు మెత్తబడి చిరుగుతుంది, ప్రోబ్ లోహపు పట్టీల మీద పొరగా పేరుకుని సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. మందుల షాపులో ఊరికే ‘జెల్లీ’ అంటే లిగ్నోకైన్ ఇవ్వచ్చు. అది తిమ్మిరెక్కిస్తుంది, ఏం లాగుతున్నారో తెలియదు. నీళ్ళతో కడిగితే పోయే జెల్లీ అని విడమర్చి అడగండి. వాడాక మామూలు సబ్బుతో కడగండి. రాజోలు, అంతర్వేది వైపు బోరు ఉప్పగా ఉన్నచోట చివర్లో మంచినీళ్ళు పోయాలి, లేకపోతే పట్టీల మీద తెల్లగా పేరుకుంటుంది. పూర్తిగా ఆరనివ్వకుండా డబ్బాలో పెడితే వానాకాలంలో బూజే.

ఇన్‌ఫెక్షన్, కారణం తెలియని రక్తస్రావం ఉన్నప్పుడు, కాన్పయిన మొదటి 6 వారాల్లో లోపల పెట్టే పరికరం వద్దు. గర్భిణులు డాక్టరుని అడగకుండా ముట్టుకోవద్దు.

పరికరం వారానికి రెండు సార్లు, పావుగంట చాలు. మిగతాదంతా పరికరం లేకుండానే: రోజుకి మూడు పూటలు, పూటకి కనీసం 8 సార్లు, 3 నెలలు. సార్వా నాట్లు మొదలైతే ఆడవాళ్ళు గదికి రావడం మానేస్తారు, తప్పదు. అప్పటికి ఒక్కటి వచ్చి ఉంటే చాలు. నారుకట్టో బిందో ఎత్తే ముందు, దగ్గు వచ్చే ముందు, లాక్కుని అప్పుడు ఎత్తడం. మేం గీత చూపిస్తూ దగ్గించి మరీ ఇది నేర్పిస్తాం. నిజానికి ఈఎంజీతో మాకు బాగా పనికొచ్చిన పాఠం ఇదే.

అక్కాచెల్లెళ్ళూ తోడికోడళ్ళూ పెట్టె, డయల్ మార్చుకోవచ్చు. బల్బు, ప్రోబ్ మాత్రం ఎవరివి వాళ్ళవే. బల్బు రకం కొనేటప్పుడు కొట్లోనే దాన్ని గుప్పిట్లో నొక్కి పట్టుకుని 10 లెక్కపెట్టండి. చెయ్యి కదలకపోయినా ముల్లు జారుతుంటే ట్యూబు అతుకు దగ్గర గాలి పోతున్నట్టు. మా మొదటి బల్బు అలాగే వచ్చింది, వెనక్కి ఇచ్చేశాం.