మోటారు రెండోసారి పోయినా ఈ షాపుకి నాలుగు స్టార్లు ఎందుకిచ్చానంటే

ముందే చెప్పేస్తున్నా, ఈ మోటారు రిపేరు షాపు వాళ్ళు రివైండింగ్ (కాలిన తీగ తీసి కొత్తది చుట్టడం) చేసిచ్చిన నీళ్ళ మోటారు మా ఇంట్లో సరిగ్గా ఎనిమిది రోజులు తిరిగింది. తొమ్మిదో రోజు పొద్దున్న మా అమ్మ తడి చేత్తో దాని బాడీ ముట్టుకుంటే షాక్ కొట్టింది, మధ్యాన్నానికి స్విచ్చి వెయ్యడం ఆలస్యం ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడే స్విచ్చి) టప్పుమని పడిపోవడం మొదలెట్టింది. అయినా నాలుగు స్టార్లు. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక లేనోళ్ళు ఆఖర్న రేట్లున్నాయి అవి చూసుకుని ఎల్లిపోండి.

ఒడిశాలో మా పర్లాకిమిడి వాళ్ళకి ఈ షాపు తెలిసే ఉంటుంది. బోర్డు ఒడియాలో పెద్దగా, కింద తెలుగులో చిన్నగా. ఇటు కాశీనగరం నుంచీ వస్తారు, అటు ఆంధ్రాలో పాతపట్నం, మెళియాపుట్టి నుంచీ బైకు వెనక మోటారు కట్టుకుని వస్తారు, స్టేట్ వేరైనా కాలిన కాయిలు కంపు ఒక్కటే కదా. (1936 దాకా మనం కూడా మద్రాసు ప్రెసిడెన్సీయే, బోర్డర్ తర్వాత వచ్చింది, బేరాలు మాత్రం అలాగే ఉన్నాయి.)

మాది 1 హెచ్‌పీ మోనోబ్లాక్, అంటే మోటారూ పంపూ కలిపి ఒకటే. ఎండాకాలం సాయంత్రం ఓల్టేజి పడిపోతుంది, మోటారేమో అదే పని చెయ్యడానికి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, కాయిలు వేడెక్కి వేడెక్కి ఒకరోజు మాడిపోద్ది. మొదటిసారి అలాగే పోయింది, ఆ తప్పు షాపుది కాదు, ఇక్కడికి తెచ్చాను, మూడ్రోజుల్లో ఇచ్చారు. రెండోసారికి మాత్రం గొడవకే రెడీ అయి వెళ్ళాను. ఎందుకంటే ఏం చెప్తారో నాకు తెలుసు, ఏ మోటారు షాపులో అయినా రెండే రెండు డైలాగులుంటాయి, ఒకటి "కరెంటు బాబూ, కరెంటు", రెండోది "మీరు నీళ్ళు లేకుండా తిప్పేసుంటారు".

మేస్త్రి ఏమీ అన్లేదు. నాలుగు బోల్టులు విప్పి స్టేటరు (లోపల తీగ చుట్టి ఉండే కదలని ఇనుప భాగం) బయటికి తీసి, బల్బు దగ్గరికి పట్టి తిప్పుతూ ఒకచోట ఆగాడు. ఒక స్లాట్‌లో, అంటే తీగ దూర్చే గాడిలో, తీగకీ ఇనుముకీ మధ్య ఉండే పేపరు అంచు నల్లగా ముడుచుకుపోయి ఉంది, తీగ ఇనుముకి అంటుకున్నచోట చీమ తలకాయంత మచ్చ. అప్పుడు వెనకాల బేరింగు కొడుతున్న కుర్రాడు, పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళుంటాయేమో, ఎవరూ అడక్కుండానే ఒడియాలో చెప్పాడు, "మేస్త్రీ, ఆ స్లాట్ నేనే కట్టాను. వెదురుపుల్ల దూరుస్తుంటే పేపరు చిరిగింది, చూశాను, మళ్ళీ కాయిలు మొత్తం పీకాలని వదిలేశాను."

నేను నిలబడే ఉన్నాను, కస్టమర్ని, కోపంగా ఉన్న కస్టమర్ని. ఇప్పుడు చెంప మీద ఒకటి పడుద్ది అనుకున్నా. మేస్త్రి అడిగిందేటంటే, "మెగ్గర్ పెట్టావా?" (తీగ నుంచి బాడీకి కరెంటు లీకవుతుందేమో చూసే మీటరు అది.)

"పెట్టాను, వార్నిషుకి ముందు." (వార్నిషంటే కాయిలు మీద వేసి ఆరబెట్టే పూత.)

"తర్వాత?"

"లేదు."

"తర్వాత కూడా పెట్టాలని నేను నీకు చెప్పానా?" కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "అయితే సగం నాది," అని లేచి లోపల్నుంచి ఒక పొడుగు లెక్కల పుస్తకం తెచ్చి తారీఖు వేసి రాసి, "ఇకమీదట వార్నిషు ఆరాక మళ్ళీ మెగ్గర్" అని కింద గీత గీశాడు.

ఇక్కడ నా ఆఫీసు గురించి చెప్పకపోతే నాకెందుకు అంత ఇదయిందో మీకర్థం కాదు. నేను హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే సపోర్టు పని చేస్తాను. మాకు ఈమధ్యే సగం రోజు ట్రైనింగ్ పెట్టారు, టాపిక్ ఏంటంటే ఆఫీసులో ఫెయిల్యూర్ గురించి ఓపెన్‌గా మాట్లాడుకోవడం. స్లైడ్లు బానే ఉన్నాయి, అబద్ధమెందుకు. అన్ని ట్రైనింగుల్లోనూ వచ్చే ఇస్రో రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 కథ ఉంది, 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో రాకెట్ పోతే ప్రాజెక్టు చూసింది కలాం గారైనా ప్రెస్ ముందు కూర్చుని బాధ్యత తీసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ గారు, 1980 జూలై 18న సక్సెస్ అయ్యాక మాత్రం నువ్వెళ్ళి మాట్లాడు అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నాకు బాగా నచ్చింది ఇంకో స్లైడు, అమెరికాలో నాసా వాళ్ళు 1976 నుంచి విమానాల పొరపాట్లు రాయించుకుంటున్నారట, పైలట్ తెలియక రూల్ తప్పి, అది యాక్సిడెంటో నేరమో కాకపోతే, 10 రోజుల్లోపు రాసి పంపితే చాలావరకు శిక్ష వెయ్యరు. అంటే నిజం చెప్పమని బతిమాలడం కాదు, చెప్తే నష్టం లేకుండా ముందే ఏర్పాటు చేశారు.

మావాళ్ళు ఆ స్లైడు చూపించారు గానీ ఏర్పాటు మర్చిపోయారు. ట్రైనింగ్ అయిన వారానికి ఒక జూనియర్ పిల్ల టీమ్ కాల్‌లో "బ్యాకప్ తీయకుండా డేటా టేబుల్ డిలీట్ చేసింది నేనే" అని చెప్పింది. మేనేజర్ గ్రేట్ అన్నాడు, చప్పట్ల బొమ్మలు పడ్డాయి. మూడు నెలలకి అప్రైజల్‌లో అదే ముక్క ఇంగ్లీషులో తిరిగొచ్చింది, శ్రద్ధ పెంచుకోవాలి అని. అంతే, ఆ తర్వాత మా మీటింగుల్లో "ఏం తప్పు జరిగింది" అనే గడిలో అందరూ రాసేది ఒకటే, కమ్యూనికేషన్ గ్యాప్. నేను కూడా. ధవన్ గారి కథలో పైవాడు కిందవాడి తప్పు మోశాడు, మా దగ్గర కిందవాళ్ళు ముందు బయటపడాలి, పైవాళ్ళు స్లైడు తిప్పుతారు.

సరే షాపుకొద్దాం. ఆ పుస్తకం చూడొచ్చా అని అడిగితే చూడు బాబూ అని ఇచ్చేశాడు. సగం తెలుగులో మేస్త్రి రాత, సగం ఒడియాలో కుర్రాడి రాత. తారీఖు, మోటారు హెచ్‌పీ, ఏం పోయింది, ఎందుకు పోయింది, ఇకమీదట ఏం చెయ్యాలి. నేను రెండు మూడుసార్లు వెతికాను, ఎవరు చేశారు అనే గడి మాత్రం లేదు. మా సాఫ్ట్‌వేర్‌లో బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టెం (ఎవర్నీ తప్పుపట్టకుండా తప్పుని విప్పి చూడ్డం) అని పెద్ద పేరు పెట్టిన వస్తువు ఇదే, ఇక్కడ గ్రీజు మరకలతో ఉంది. మొదటి పేజీలో రైసుమిల్లు మోటారు, త్రీఫేజ్, కనెక్షను తప్పిచ్చి మిల్లు వాళ్ళ ముందే పొగ లేపేసింది, కింద "కరెంటు తప్పని చెప్పాను" అని ఉంది. ఇదెవరు అన్నాను. "నేనే, షాపు పెట్టిన కొత్తల్లో. కుర్రాడు వచ్చిన మొదటిరోజు ఈ పేజీయే చదివిస్తాను."

మీరనొచ్చు, ఇన్ని తప్పులు రాసుకున్న షాపుకి ఎవడెళ్తాడని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఎమీ ఎడ్మండ్‌సన్ అని హార్వర్డ్ ప్రొఫెసర్ ఒకావిడ 1990ల్లో ఆస్పత్రుల్లో మందుల పొరపాట్లు లెక్క చూస్తే, మంచి టీములనుకున్న చోటే ఎక్కువ తేలాయంట, చూడబోతే వాళ్ళు ఎక్కువ తప్పులు చెయ్యడం కాదు, దాచకుండా చెప్పుకోవడం. పుస్తకం లేని మోటారు షాపులో మోటార్లు పోవా ఏటి, పోతాయి, అక్కడ మీకు వినపడేది కరెంటు డైలాగే.

ఇప్పుడు నా సంగతి. మేస్త్రి స్టేటరు పక్కన పెట్టి, "అమ్మగారికి షాక్ కొట్టిందన్నావు, మరి మీ ఇంట్లో ఎర్త్ లేదా?" అన్నాడు. గొంతులో వెలక్కాయ పడింది. మొదటిసారి మోటారు ఇంటికి తెచ్చాక ఎలక్ట్రీషియన్‌కి మూడొందలెందుకని నేనే బిగించుకున్నాను, ఎర్త్ వైరు (బాడీకొచ్చిన కరెంటుని నేలలోకి పంపేది) పొట్టిదయ్యింది, అందలేదు, టేపు చుట్టి వదిలేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కుర్రాడు నా మొహం చూస్తున్నాడు. ఇంకో రోజైతే "ఉంది, ఎందుకుండదు" అనేవాణ్ణి, ఒట్టు. "ఉంది కానీ తగిలించలేదు, నేనే" అన్నాను. మేస్త్రి ఊఁ అని అదే లైను కింద "ఎర్త్ తగిలించలేదు" అని ఇంకో ముక్క రాసి పుస్తకం మూసేశాడు. పేరు అడగలేదు, రాయలేదు. ఆ రాత్రి అమ్మకి కూడా చెప్పాను, అక్కడ మాత్రం బ్లేమ్‌లెస్ ఏమీ జరగలేదు.

ఇక ఒక స్టారు ఎందుకు కోశానంటే, ఫోనెత్తరు. అసలెత్తరు. మధ్యాన్నం ఒంటిగంటకి షట్టరు దించితే నాలుగయ్యేదాకా తియ్యరు. వర్షాకాలం వార్నిషు ఆరలేదని రోజు రోజూ రేపంటారు (అది నిజమే అనుకోండి, కానీ నీళ్ళు మొయ్యాల్సింది మనం). బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిస్తారు. కూర్చోడానికి ఉన్న ఒకే కుర్చీలో ఎప్పుడూ ఎవరిదో ఫ్యాను ఉంటుంది.

రేటు, మా 1 హెచ్‌పీకి రివైండింగ్ పద్దెనిమిది వందలు తీసుకున్నారు మొదటిసారి, బేరింగులు విడిగా. రెండోసారి రాగి తీగకి గానీ కూలికి గానీ పైసా తీసుకోలేదు, పాత బేరింగు ఒకటి అరిగిందని దాని డబ్బులే తీసుకున్నారు. నాలుగో రోజు తెచ్చుకున్నాను, ఇచ్చేముందు నా ఎదురుగా కుర్రాడే మెగ్గర్ పెట్టి ముల్లు నాకు చూపించాడు.

వెళ్తే పదిన్నర తర్వాత వెళ్ళండి. ఎర్త్ వైరు ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకుని బయల్దేరండి, అడుగుతాడు.