తువ్వాలు కోటు: గుడ్డకు నూటికి నూరు, పట్టీకి సున్నా

బురదలో పొర్లి వచ్చిన కుక్కకు గుమ్మంలోనే తొడిగే మైక్రోఫైబర్ తువ్వాలు కోటును నిరుటి వానల నుంచి వాడుతున్నాను. కొలతలు, రంగుల జోలికి పోను. నా ఫిర్యాదంతా పొట్ట కింద బిగించే, సన్నటి కొంకులతో నొక్కితే అతుక్కునే వెల్క్రో పట్టీ మీదే.

ముందు గుడ్డ సంగతి. తడిసిన కుక్క ఒళ్లు దులుపుకోవడం తల దగ్గర మొదలై వీపు మీదుగా తోక దాకా సాగుతుంది. లాబ్రడార్ అంతటి కుక్క సెకనుకు నాలుగైదు సార్లు ఒళ్లు అటూ ఇటూ విదిలిస్తుందనీ, బొచ్చులోని నీటిలో దాదాపు 70 శాతాన్ని క్షణాల్లో వదిలించుకోగలదనీ అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో వెల్లడించారు. ఆ నీటికి బురద తోడైతే గోడల గతి ఏమిటో కుక్కను పెంచేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ కోటు ఆ విదిలింపును లోపలే పట్టేస్తుంది. కుక్క అంటేనే ముఖం చిట్లించే మా అమ్మ సైతం "ఇదొక్కటి పనికొచ్చేది కొన్నావు" అంది.

కొన్ని నెలలకు వెల్క్రో కొంకుల్లో సన్నటి బొచ్చు, ఎండిన మట్టి పొడి చేరి గట్టి పొరలా పేరుకుపోయాయి. పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే మట్టి రాలేది గానీ, కొంకుల మొదళ్లకు చుట్టుకున్న బొచ్చును పిన్నీసుతో ఒక్కొక్కటిగా లాగవలసి వచ్చేది. ఒక సాయంత్రం మా కుక్క కాలువ గట్టు మీంచి జారి, పొట్ట దాకా నల్లబురదతో వచ్చింది. కోటు తొడిగి, పట్టీ నొక్కి బిగించి లోపలికి వదిలాను. హాలు మధ్యకు వెళ్లి ఒక్క దులుపు దులిపేసరికి పట్టీ పర్రుమని ఊడి, కోటు మెడ మీదికి పోగుపడింది. ఇస్త్రీ చేసి పెట్టిన బట్టలు, గోడ, చివరికి ఫ్యాన్ రెక్క అంచు కూడా చుక్కల మయం. "గోడా నువ్వే కడుగు, కుక్కనూ నువ్వే కడుగు" అని అమ్మ బకెట్ తెచ్చి నా ముందు పెట్టింది. కుక్క మాత్రం ఇదేదో కొత్త ఆట అనుకుని తోక ఊపుతూ నిలబడింది.

1941లో తన కుక్క బొచ్చుకు పట్టుకున్న ముళ్లకాయలను పరిశీలించిన స్విస్ ఇంజినీరు జార్జ్ డి మెస్ట్రాల్‌కు వెల్క్రో ఆలోచన వచ్చిందంటారు. కుక్క బొచ్చును పట్టుకునే గుణంతోనే పుట్టిన వస్తువును తెచ్చి కుక్క పొట్ట కిందే కుట్టిన తయారీదారుల తెలివికి ఏమనాలి!

చివరికి దర్జీ చేత ఆ పట్టీ విప్పించి, స్కూలు సంచులకు ఉండే ప్లాస్టిక్ క్లిప్పు వేయించాను. అది ఇంతవరకు ఊడలేదు.

విదిలింపును లోపలే పట్టేస్తుందన్నాను గానీ, అది మొండేనికే వర్తిస్తుంది. తల, చెవులు బయటే ఉంటాయి కనుక తలుపు పక్క గోడకు కొంత వాటా తప్పదు. పాదాలకూ రక్షణ లేదు. వేళ్ల సందుల్లో చెమ్మ నిలిస్తే చర్మం ఎర్రబడి కుక్క అదేపనిగా నాకుతుంది కాబట్టి, వాటిని విడిగా తుడవవలసిందే.

మాది ఒత్తు బొచ్చు కుక్క. తలుపు తీస్తే నేరుగా హాలు. బయట కుళాయి లేదు. ఈ పరిస్థితిలో నేనైతే మళ్లీ కొంటాను, క్లిప్పు ఉన్నది దొరికితేనే. పొట్టి బొచ్చు కుక్క, వాకిట్లో కుళాయి ఉన్నవారికి పాత తువ్వాలే సరిపోవచ్చు. ఒంటి మీద గుడ్డ పడితే కొరికే కుక్కకైతే, కొనే ముందు ఓ పాత టీషర్టు తొడిగి చూడండి.