సాకెట్ పరీక్షకు టెస్టరా, మల్టీమీటరా?

ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) ఎటుందో చూడ్డానికి టెస్టర్ చాలు. ఎర్త్ రంధ్రం పైకి ఉన్న మూడు రంధ్రాల సాకెట్‌లో కుడివైపు పెడితే నియాన్ బల్బు వెలగాలి. ఎడమవైపు వెలిగితే వైర్లు తారుమారయ్యాయి, లేదా న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) తెగింది. ఆ రెంటిలో ఏదో టెస్టర్ చెప్పదు. వెలగలేదని కరెంటు లేదనుకోవడమూ ప్రమాదమే. ముందు పనిచేసే సాకెట్‌లో వెలిగించి చూడాలి.

ఎర్త్ ఉందో లేదో తేల్చేది వోల్టులు కొలిచే మల్టీమీటర్. ఏసీ వోల్టుల్లో 600 లేదా 750 రేంజిలో పెట్టండి. 230 వోల్టుల సరఫరాలో ఫేజ్-న్యూట్రల్ మధ్య సుమారు 230, ఫేజ్-ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు రావాలి. ఫేజ్-ఎర్త్ రీడింగ్ 90, 110 అంటూ ఊగుతుంటే ఎర్త్ వైరు ఎక్కడో ఊడినట్టే. మీటరుకు రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి పక్క తీగల ప్రభావంతో ఆ దొంగ వోల్టేజి కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త: ఎర్ర ప్రోబు (కొలిచే తీగ) మీటరు మీది 10 ఆంపియర్ల రంధ్రంలోనే మరిచిపోయి గోడ సాకెట్‌లో గుచ్చితే నేరుగా షార్టే!

స్క్రూ వదులైందా అన్న అనుమానానికి ఇస్త్రీపెట్టె వేయకముందూ వేశాకా, అదే బోర్డులో పక్క సాకెట్‌లో మల్టీమీటర్‌తో వోల్టేజి కొలవండి. పది వోల్టులకు మించి తగ్గితే మెయిన్ ఆపి స్క్రూలు చూడాల్సిందే. ఇది టెస్టర్‌తో అయ్యే పని కాదు.