అరచేతుల చెమటకు అయాంటోఫోరెసిస్ యంత్రం: కొన్నేళ్ల వాడకం తర్వాత

రాస్తుంటే కాగితం తడిసి సిరా అలుక్కుపోయే అరచేతులు నావి. అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం మంట, దురద తప్ప ఏమీ మిగల్చలేదు. ఆ తర్వాత చర్మవైద్యురాలు సూచించగా, నీళ్ల ద్వారా చేతులకు స్వల్పంగా కరెంటు పంపి చెమట తగ్గించే ఈ యంత్రం ఇంటికి వచ్చింది.

చూడటానికి ఏమంత ఘనంగా ఉండదు. నీళ్లు పోసే రెండు ట్రేలు, అడుగున లోహపు పలకలు, కరెంటు పెంచి తగ్గించే మీట. చెరో ట్రేలో ఒక్కో చేయి ఉంచితే 15-20 మిల్లీ ఆంపియర్ల వరకు కరెంటు పోతుంది. అలా 20-30 నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ముక్కు దురద సరిగ్గా అప్పుడే పుడుతుంది! చేయి చటుక్కున తీస్తే చిన్న షాక్ తగులుతుంది కాబట్టి భరించాల్సిందే. గోటి పక్కన చిన్న గాటు ఉన్నా చురుక్కుమంటుంది. దానిపై పెట్రోలియం జెల్లీ రాసి, ఉంగరాలు తీసేసి కూర్చుంటాను. మరీ శుద్ధి చేసిన నీటిలో లవణాలు ఉండవు కనుక కరెంటు సరిగా పారదు, చిటికెడు వంటసోడా కలపాలి.

మొదట్లో వారానికి మూడుసార్లు చేస్తే కొన్ని వారాలకు చేతులు పొడిబారాయి. ఇప్పుడు వారానికోసారి సరిపోతోంది. మానేస్తే మాత్రం చెమట మళ్లీ మొదలవుతుంది. ఇది రోగాన్ని నయం చేయదు, అదుపులో ఉంచుతుంది, అంతే.

నన్ను బాగా ఆకట్టుకున్నది గ్లైకోపైరోలేట్ (చెమట, లాలాజలం లాంటివి ఊరమనే నరాల సంకేతాలను అడ్డుకునే మందు) విషయం. వట్టి నీళ్ల ఫలితం త్వరగా తగ్గిపోతోందని డాక్టరు ఈ మందు కలపమన్నారు. సాధారణంగా 500 డాల్టన్ల (అణువుల బరువును కొలిచే ప్రమాణం) లోపు అణువులే చర్మం పైపొరను దాటగలవంటారు. ఈ మందు అయాను సుమారు 318 డాల్టన్లే, అయినా తనంతట తాను సులువుగా లోపలికి పోదు. దానికి ఎప్పుడూ ధనావేశం ఉండటమే కారణం, కొవ్వుతో నిండిన పైపొర అలాంటి వాటిని రానివ్వదు. ఆ ఆవేశమే ఇక్కడ పనికొస్తుంది. మందును ధన ధ్రువమున్న ట్రేలో పోస్తే, సజాతి ఆవేశాలు వికర్షించుకుని అది చర్మంలోకి నెట్టబడుతుంది. స్వేద నాళాలు దానికి దగ్గరి దారి. ఆ రోజంతా నోరు ఎండిపోతుంటే మందు రక్తంలోనూ కలిసిందని తెలిసిపోయేది. అందుకే గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు), మూత్రం ఆగిపోయే సమస్య ఉన్నవారు దీని జోలికి వెళ్లకూడదు. మందు సంగతి అటుంచి, పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకు ఈ యంత్రమే పనికిరాదు.

కొనాలనుకుంటే, కరెంటును మెల్లగా పెంచే, ధ్రువాలను తానే మార్చే రకం చూడండి. పల్స్ కరెంటు (ఆగి ఆగి కరెంటు పంపే) యంత్రాలు చర్మానికి సుఖంగానే ఉంటాయి గానీ ఫలితం నిదానం. ఓపిక లేనివారు డబ్బు పెట్టే ముందు ఆసుపత్రిలో కొన్ని విడతలు చేయించుకుని చూడటం మేలు.