డబ్బు కట్టి చేరే మానసిక సహాయక బృందాల్లో దొంగ గుర్తింపులు: చేరబోయేవారికి హెచ్చరిక

కుంగుబాటు, ఆందోళనలతో బాధపడేవారి కోసం ఆన్‌లైన్‌లో నడిచే ఒక సహాయక బృందంలో నేను నెలవారీ రుసుము కట్టి సభ్యత్వం తీసుకున్నాను. అక్కడ తోటి బాధితులుగా మాతో మాట్లాడినవారిలో కొందరు అసలు లేనే లేరని, ఆ ఖాతాలను నడిపింది సభ్యత్వాలు అమ్ముతున్న కౌన్సెలరేనని తరువాత బయటపడింది. ఇటువంటి సేవను కొనాలనుకునేవారు డబ్బు కట్టకముందే తెలుసుకోవలసిన విషయాలు ఇందులో ఉన్నాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆ బృందంలో కొత్తగా చేరినవారికి ఒకరిద్దరు పాత సభ్యులు వెంటనే ఆప్యాయంగా స్వాగతం పలికేవారు. ఎవరైనా వచ్చే నెల నుంచి మానేద్దామనుకుంటున్నానని రాస్తే చాలు, వారిలో ఒకామె వచ్చి, తానూ అలాగే మధ్యలో మానేసి ఎంత దిగజారిపోయిందో, మళ్లీ విడి సెషన్లు తీసుకున్నాకే ఎలా తేరుకుందో చెప్పుకొచ్చేది. ఒక రాత్రి సరిగ్గా ఆమె ఖాతా నుంచే, ‘మీ తదుపరి సెషన్ రుసుము చెల్లించడానికి రేపే ఆఖరు తేదీ, దయచేసి గమనించగలరు’ అనే సందేశం బృందంలో పడింది. కాసేపటికి అది మాయమై, పొల్లుపోకుండా అదే వాక్యం కౌన్సెలర్ ఖాతా నుంచి వచ్చింది. దాంతో కొందరం పాత సందేశాలన్నీ తిరగేసి చూస్తే, ‘ఖచ్చితంగా’ అన్న మాటను ఆ కౌన్సెలరూ ఆ పాత సభ్యులూ ‘ఖచ్ఛితంగా’ అని ఒకే తప్పుతో రాశారని, కౌన్సెలర్ సెలవులో ఉన్న రోజుల్లో ఆ సభ్యులెవరూ నోరు విప్పలేదని కనిపించింది. వివరణ అడిగినవారి సందేశాలను తొలగించి, వారిని బృందం నుంచే తీసేశారు.

పోయిన డబ్బు కన్నా నన్ను ఎక్కువగా కలచివేసినది మరొకటి. ఆ కల్పిత వ్యక్తులు సాటి మనిషిలాగా పలకరించి, ఇంట్లో గొడవల గురించి, వాడుతున్న మందుల గురించి, చనిపోవాలనిపించిన క్షణాల గురించి సభ్యుల చేత చెప్పించారు. కౌన్సెలర్‌కు చెప్పడానికి వెనుకాడిన సంగతులు కూడా, ‘నాలాంటి మనిషే కదా’ అన్న భరోసాతో ఆ ఖాతాలకు చెప్పినవారున్నారు. వారిలో ఒకరు ఇప్పుడు ఏ బృందంలోనూ ఒక్క మాట రాయలేకపోతున్నారు. నయం కావడానికి ఆధారమైన నమ్మకాన్నే ఇది దెబ్బతీసింది కాబట్టి, దీన్ని మామూలు వ్యాపార మోసంతో సమానంగా చూడకూడదని నా అభిప్రాయం.

ఇది కొత్తగా పుట్టిన మోసమేమీ కాదు. ఇంటర్నెట్ ఇంకా జనంలోకి రాని 1980ల తొలినాళ్లలోనే, అమెరికాలో కంప్యూటర్ల ద్వారా జనం మాట్లాడుకునే కంప్యూసర్వ్ అనే సేవలో ఒక మానసిక వైద్యుడు, ప్రమాదంలో వికలాంగురాలైన ‘జోన్’ అనే మహిళగా నటిస్తూ ఎందరో స్త్రీలతో స్నేహం పెంచుకున్నాడు. ఆమె లేదని తెలిశాక వారు ఎంతగా నొచ్చుకున్నారో 1985లో ఒక అమెరికన్ పత్రిక ప్రచురించింది. ఆస్ట్రేలియాలో బెల్ గిబ్సన్ అనే ఆమె తనకు మెదడు కేన్సర్ ఉందని, ఆహారం మార్చుకుని దాన్ని ఎదుర్కొంటున్నానని చెప్పి యాప్‌నూ వంటల పుస్తకాన్నీ అమ్ముకుంది. ఆ జబ్బు అబద్ధమని 2015లో ఒప్పుకుంది. 2017లో అక్కడి ఫెడరల్ కోర్టు 4,10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది.

అయితే పేరు దాచుకున్న ప్రతివారూ మోసగాళ్లు కారు. ఉద్యోగం పోతుందనో, ఇంట్లో తెలుస్తుందనో మారుపేరుతో నిజమైన బాధను చెప్పుకునేవారికి ఆ మారుపేరు రక్షణ. ఇక లాభాపేక్ష ఏమీ లేకుండానే, కేవలం ఆదరణ కోసం లేని జబ్బులను కల్పించుకునేవారూ ఉన్నారు. ఈ ప్రవర్తనకు అమెరికన్ మానసిక వైద్యుడు మార్క్ ఫెల్డ్‌మన్ 2000లో ‘మంచౌసెన్ బై ఇంటర్నెట్’ అని పేరు పెట్టారు. వైద్య పుస్తకాల నుంచి ఎత్తి రాసినట్టుండే సందేశాలు, చావు అంచుకు వెళ్లి అద్భుతంగా కోలుకోవడం పదేపదే జరగడం, బృందం దృష్టి మరొకరి మీదకు మళ్లగానే కొత్త ఆపద రావడం, బంధువులమంటూ వచ్చినవారి రాతలు అచ్చం ఆ వ్యక్తి రాతల్లాగే ఉండటం వంటివి ఆయన సూచించిన ఆనవాళ్లు. అలాంటి మనిషికీ చికిత్స అవసరమే. అలాంటివారిని పదిమందిలో నిలదీసి అవమానించడం వల్ల ఎవరికీ మేలు జరగదు.

అందుచేత తోటి సభ్యుల బాధకు రుజువులు అడగవద్దని, అమ్మేవారినే పరిశీలించమని కోరుతున్నాను. ఎవరైనా చనిపోతానని రాస్తే, ఎంత అనుమానం ఉన్నా దాన్ని నిజంగానే భావించి అత్యవసర సహాయ కేంద్రం నంబరు ఇవ్వండి, నిర్వాహకులకు తెలపండి. డబ్బు మాత్రం పంపకండి.

కౌన్సెలర్ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య అడిగి, వారు పంపిన ఫోటోతో సరిపెట్టుకోకుండా, రిజిస్ట్రేషన్ ఇచ్చిన సంస్థ జాబితాలో మీరే వెతకండి. హోదా చూసి మోసపోవద్దు: ఉదాహరణకు బ్రిటన్‌లో ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అన్న హోదాకు చట్టరక్షణ ఉంది గానీ, ‘కౌన్సెలర్’ అని ఎవరైనా చెప్పుకోవచ్చు. నిర్వాహకులు, జీతం తీసుకునే సహాయకులు ఏయే ఖాతాల నుంచి రాస్తారో ముందే రాతపూర్వకంగా చెప్పమనండి. నిజాయతీగా నడిపేవారికి ఈ ప్రశ్న ఇబ్బంది కలిగించదు. లబ్ధి పొందామని చెప్పే సభ్యుల మాటలను ప్రమాణంగా తీసుకోకండి. లేని మనుషుల పేరిట మెచ్చుకోలు రాయించడాన్ని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో నిబంధన చేసి మరీ నిషేధించింది. మానేస్తానన్నవారికి ఎలాంటి జవాబులు వస్తున్నాయో మాత్రం ప్రత్యేకంగా గమనించండి, ఎందుకంటే మా బృందంలో అసలు రంగు అక్కడే బయటపడింది.

ఇప్పటికే డబ్బు కట్టి, అనుమానం కలిగినవారు నిర్వాహకులను ప్రశ్నించకముందే సందేశాలు, చెల్లింపు రసీదులు, ఖాతాల వివరాలు తేదీలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచుకోండి. ప్రశ్నించిన తరువాత మమ్మల్ని తీసేశారు కనుక ఆ అవకాశం ఉండకపోవచ్చు. అయితే ఇతర సభ్యులు చెప్పుకున్న సొంత సంగతులను ఆ చిత్రాల్లో కప్పివేయండి. ఆపై ఆటోమేటిక్ చెల్లింపును బ్యాంకు ద్వారా ఆపించి, మీ సమాచారాన్ని తొలగించమని రాతపూర్వకంగా కోరి, బృందం నడుస్తున్న వేదికకూ వినియోగదారుల ఫిర్యాదుల విభాగానికీ ఆధారాలు పంపండి. మీరు తీసుకుంటున్న మందులను ఆ కౌన్సెలర్ మాట మీద ఆపి ఉంటే, వీటన్నిటికన్నా ముందు మీ వైద్యుణ్ణి కలవండి.