డెన్వర్‌లో ఆర్‌వీ అద్దెకు తీసుకునే మన పెద్దవాళ్ళకు హెచ్చరిక: పైకప్పు చూడకుండా తాళాలు తీసుకోకండి

నిన్న సాయంత్రం డెన్వర్ శివార్లలో, పడకలు, వంటగది, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే ఒక ఆర్‌వీని దాని యజమానికి అప్పగించి వచ్చాం. మా 2,000 డాలర్ల డిపాజిట్ మాత్రం తిరిగి రాలేదు, రాదని కూడా అతనే స్పష్టంగా చెప్పాడు. కోపం తగ్గాక రాయమని మా ఆవిడ అంటున్నది కానీ, కోపం తగ్గితే ఎప్పటిలాగే పోనీలే అని ఊరుకుంటానన్న సంగతి నాకు తెలుసు కనుక ఇప్పుడే రాస్తున్నాను. సొంత బండ్లను అద్దెకిచ్చుకునే ఆ యాప్ ఏదో మీలో చాలామందికి తెలుసు. బండి యజమాని మన తెలుగువాడే. పేరు పెట్టడం లేదు.

మేమిద్దరం ఉద్యోగ విరమణ చేసినవాళ్ళం. డాలస్ ఎండలు తప్పించుకుని వేసవిలో రాకీ పర్వతాల్లో తిరగాలనుకున్నాం, డ్రైవరు సీటు పైన కూడా పడక ఉండే 25 అడుగుల క్లాస్ సి బండి మాట్లాడుకున్నాం. అద్దె యాప్ ద్వారానే కట్టించుకున్నాడు. డిపాజిట్ దగ్గరికి వచ్చేసరికి, "యాప్‌లో వేస్తే వెనక్కి రావడానికి చాలా రోజులు పడుతుంది అంకుల్, నాకు నేరుగా జెల్‌తో బ్యాంకు ఖాతాకు పంపేయండి, మీరు తాళాలిచ్చిన రోజే తిరిగి పంపేస్తాను, మనలో మనకు ఎందుకు ఈ కమీషన్లు" అన్నాడు. జీవితమంతా రసీదు లేకుండా రూపాయి కదలని ఉద్యోగం చేసిన నేను, మనలో మనకు అనగానే ఫోన్ తీసి పంపించేశాను.

బండి అప్పగించేటప్పుడు అతను చూపించిన శ్రద్ధ చూస్తే మీరూ నమ్మేవారే. మంచినీటి ట్యాంకు ఎక్కడ నింపాలో, వాడిన నీళ్ళ గ్రే ట్యాంకు, మరుగుదొడ్డి బ్లాక్ ట్యాంకు ఏ వరుసలో ఖాళీ చేయాలో, ఆ మురుగు వదిలే డంప్ స్టేషన్‌లో గొట్టం ఎలా బిగించాలో, ప్రొపేన్ ఎలా కట్టేయాలో గంటసేపు ఓపికగా చెప్పాడు. నాలుగు వైపులా తిరిగి గీతలన్నిటికీ వీడియో తీశాం. నేను వెనకనున్న నిచ్చెన మీద చెయ్యి వేయగానే, "అయ్యో అంకుల్, మీరెందుకు ఎక్కడం, కాలు జారితే ఆంటీ నన్ను తిడతారు, పైన ఏసీ, రెండు గాలి వెంట్లు తప్ప ఏమీ లేవు" అని చెయ్యి పట్టుకుని దించాడు. బయలుదేరుతుంటే చల్లటి నీళ్ళ సీసాలు రెండు మా చేతుల్లో పెట్టాడు. లెక్క చూసుకుంటే సీసా ఒక్కింటికి వెయ్యి డాలర్లు పడింది.

ఎస్టెస్ పార్క్ మీదుగా రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులోకి వెళ్ళి, ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు దాటి పడమటి వైపునున్న టింబర్ క్రీక్ క్యాంపుగ్రౌండులో దిగాం. యాత్ర గురించి రాయడానికి ఇది చోటు కాదు. ఫ్రిజ్ ఆ ఎత్తులో గ్యాస్ మంట నిలవక ఆగిపోయి పెరుగు పాడైంది కానీ, 8,900 అడుగుల దగ్గర ఆ రకం ఫ్రిజ్‌లకు అది మామూలే గనుక దానికి అతన్ని అనను. ఆవకాయ ఉంది, గడిచిపోయింది.

ఆ కొండల్లో జులై మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడటం అందరికీ తెలిసిందే. మొదటి వానకే డ్రైవరు సీటు పైనున్న పడక మీద నీళ్ళు కారడం మొదలైంది. టార్చి వేసి చూస్తే పరుపు పైన కప్పుకు గోధుమరంగు మరక వలయాలు వలయాలుగా, ఒకదాని చుట్టూ ఒకటి, ఎన్నో వానల లెక్కలాగా కనిపించింది. వేలితో నొక్కితే చెక్క రొట్టెముక్కలా లోపలికి దిగి, వేలికి నల్లటి పొడి అంటింది. ముక్కిపోయిన వాసన గుప్పున కొట్టింది. ఆ మూల లావెండర్ వాసన వేసే అట్టముక్క ఎందుకు వేలాడదీశాడో అప్పుడు అర్థమైంది. అక్కడ ఫోన్ సిగ్నల్ లేకపోవడం వల్ల తెల్లవారాక గ్రాండ్ లేక్ ఊళ్ళోకి వెళ్ళి ఫొటోలు, వీడియో పంపాను. "పర్వాలేదు అంకుల్, ఒక టవల్ పరవండి, కొండల్లో వాన మామూలే కదా" అని జవాబు వచ్చింది. ఎంత మంచివాడో అనుకున్నాం. మిగిలిన రాత్రులు సామాను కింద పెట్టుకుని, గిన్నె ఒకటి పైన పెట్టుకుని గడిపాం.

ఇక నిన్నటి సంగతి. బండి ఆపీ ఆపకముందే అతను చేసిన మొదటి పని వెనక నిచ్చెన ఎక్కడం. ట్యాంకులు చూడలేదు, టైర్లు చూడలేదు, లోపలికి అడుగు పెట్టలేదు. పైనుంచే ఫోన్‌తో ఫొటో తీసుకుని దిగి, "చెట్టు కొమ్మ గీరి రబ్బరు కప్పు చీలింది అంకుల్, రిపేరుకు డిపాజిట్ సరిపోతే మీ అదృష్టం" అన్నాడు. ఫొటో చూపించాడు. చీలిక అంచుల్లో మట్టి గట్టిపడి ఉంది, దాని మీద నీళ్ళు కారకుండా ఎప్పుడో పూసిన సీలెంట్ బూడిదరంగుకు తిరిగి పగుళ్ళిచ్చి ఉంది. ఈ వారం చిరిగినదానికి పాత సీలెంట్ ఎవరు పూశారని అడిగాను. దానికి జవాబు లేదు. పైగా, కారుతున్నదని నేను పంపిన ఫొటోలనే నాకు చూపిస్తూ, "మీరే ఒప్పుకున్నారు కదా, మీ దగ్గర ఉన్నప్పుడే కారిందని" అన్నాడు. మంచితనంతో చేసిన ఫిర్యాదును వాంగ్మూలం చేసుకున్నాడు.

చెట్టు కొమ్మట! దారి పొడవునా చెట్లే లేవని నేననను. కానీ ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు పదకొండు మైళ్ళ దాకా చెట్టు మొలవని ఎత్తులోనే సాగుతుంది, అత్యధికంగా 12,183 అడుగులకు చేరుతుంది. టింబర్ క్రీక్‌లో అయితే పైన్ చెట్లను తొలిచే పురుగు పట్టడంతో పార్కువాళ్ళు క్యాంపుగ్రౌండులోని చెట్లన్నిటినీ ఎప్పుడో కొట్టేశారు, నీడ కోసం గుడారాలవాళ్ళు తార్పాలిన్లు కట్టుకుంటున్నారు. ఆ మాటే చెప్పాను. అప్పుడతను, తరువాతి అద్దెకు వచ్చి పిల్లలతో నిలబడి ఉన్న ఒక కుటుంబం వింటుండగా, నవ్వుతూ ఇంగ్లీషులోకి మారి, "ఈ వయసులో మీకు ఇంత పెద్ద బండి ఎందుకు అంకుల్, చూపు ఆనకపోతే ఒప్పుకోవడంలో తప్పేముంది, మీ అబ్బాయి నంబరివ్వండి, అతనితో మాట్లాడుకుంటాను" అన్నాడు.

రోడ్డు పక్కన అడ్డుగోడ లేని లోయ అంచున ఆ బండిని ఎక్కించి, మిల్నర్ పాస్ కనుమ నుంచి లోగేరులో, బ్రేకులు వేడెక్కనీయకుండా దించుకొచ్చిన మనిషిని నేను. అబ్బాయి నంబరు! డబ్బు పోయిన బాధ కంటే ఆ మాటే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. నాకు నోట మాట రాలేదు కానీ మా ఆవిడ మాత్రం నిదానంగా, "బాబూ, లోపలి చెక్క అంత మెత్తగా పుచ్చిపోవాలంటే ఎన్నాళ్ళు నానాలి?" అని అడిగింది. అతను ఫోన్ చూసుకున్నాడు.

అసలు విచిత్రం ఇప్పుడు చెబుతాను. మేము టాక్సీ కోసం ఎదురు చూస్తుండగానే, రెండు వేల డాలర్ల రిపేరు కావలసిన అదే బండిలో దుప్పట్లు మార్చి, కొత్త లావెండర్ అట్టముక్క తగిలించి, ఆ కుటుంబానికి తాళాలిచ్చేశాడు. వాళ్ళకూ నీళ్ళ సీసాలిచ్చాడు. నేను ఆ పిల్లల తండ్రి దగ్గరకు వెళ్ళి పైన పడక కప్పును ఒకసారి వేలితో నొక్కి చూడమని చెప్పాను. ఆయన మర్యాదగా తల ఊపాడు, చూపు ఆనని ముసలాయన మాట ఎవరు వింటారు?

రాత్రే యాప్ వాళ్ళకు ఫోన్ చేశాను. యాప్ బయట చెల్లించిన డిపాజిట్‌తో తమకు సంబంధం లేదన్నారు. బ్యాంకువారు, మీరే ఇష్టపడి పంపిన సొమ్ము కాబట్టి మోసపు లావాదేవీ కింద వెనక్కి తీసుకోలేమన్నారు. బీమా ఉంది కదా అని ఒప్పందం తిరగేస్తే, పైకప్పుకూ బండి అడుగుభాగానికీ జరిగే నష్టం బీమాలోకి రాదని చిన్న అక్షరాల్లో ఉంది. కింద నా సంతకం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. కొలరాడోలో 7,500 డాలర్ల వరకు చిన్న మొత్తాల తగాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో వకీలు లేకుండానే దావా వేయవచ్చు. వేయబోతున్నాను.

మీరు వెళ్ళేటట్లయితే నిచ్చెన ఎక్కి, ఎక్కలేకపోతే ఫోన్‌ను పొడుగు కర్రకు కట్టి, పైకప్పుకు ఫొటోలు తీయండి. డ్రైవరు పైనున్న పడక కప్పును, వెంట్ల చుట్టూ ఉన్న చెక్కను వేలితో నొక్కి చూడండి. డిపాజిట్ క్రెడిట్ కార్డు మీద, యాప్‌లోనే కట్టండి. ఈ వేసవిలో ఆ లావెండర్ వాసన బండిలో ఎవరైనా తడిసి ఉంటే, తేదీలు కనిపించే ఫొటోలు నాకు పంపండి, కోర్టు కాగితాలకు జత చేస్తాను.