ఫైబర్ బోటుకి 12 వోల్టుల కంప్రెసర్ హారన్: కొనొచ్చు, వైరు మాత్రం మార్చాలి

బరంపురం లారీ సామాన్ల కొట్లలో దొరికే కంప్రెసర్ హారన్ (చిన్న మోటారు గాలి కొట్టి మోగించే బూర) గోపాలపూర్, ఆర్జిపల్లి తీరంలోని మన బోట్లకీ బాగా పనికొస్తుంది. ఒకే స్వరం పలికేదే అడగండి. రాగాలు తీసే రకం వద్దే వద్దు, అందులో పొడవు కూతకీ పొట్టి కూతకీ తేడా తెలియదు.

శబ్దం ఎంత గట్టిదో చెప్పే డబ్బా మీది డెసిబెల్స్ నమ్మకండి. ఎంత దూరంలో కొలిచారో రాయని అంకెకి విలువ లేదు. ఓడలు ఢీకొనకుండా చేసిన 1972 నాటి అంతర్జాతీయ నియమాల్లో ఆ కొలత మీటరు దూరంలో తీస్తారు. 20 మీటర్ల లోపు పొడవున్న బోటు విజిల్ (నియమాల్లో కూత వేసే పరికరానికి పేరు) అర నాటికల్ మైలు, అంటే సుమారు 900 మీటర్లు వినపడాలని లెక్క. 12 మీటర్ల లోపు బోటుకి విజిలే ఉండాలని లేదు గానీ, గట్టిగా వినపడేది ఏదో ఒకటి ఉండి తీరాలి.

హారన్‌కి వంక పెట్టలేం. దాంతో ఇచ్చే సన్న వైరే చెత్త. మోటారు 15 నుంచి 20 ఆంపియర్లు లాగుతుంది, సన్న వైరులో వోల్టేజీ పడిపోతుంది. మొదట బాగానే మోగి, రెండో సెకనుకల్లా కూత దిగజారిపోతుంది. పొడవు కూత 4 నుంచి 6 సెకన్లు నిలకడగా ఉండాలి కదా! 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, రిలే (చిన్న బటన్ నొక్కితే ఎక్కువ కరెంటుని కలిపే స్విచ్చి) వేయించండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. టెర్మినళ్లకి వాజలిన్ పూయకపోతే ఉప్పుగాలికి పచ్చగా చిలుం పడుతుంది. బూర మూతి ముందుకి, కాస్త కిందికి వంచి బిగిస్తే లోపల నీళ్లు నిలవవు.

పొగమంచులో వల నీళ్లలో ఉంటే ఒక పొడవు, రెండు పొట్టి కూతలు. వల లేకుండా ఇంజన్ మీద పోతుంటే ఒక్క పొడవే. కూతల మధ్య రెండు నిమిషాలు దాటకూడదని నియమం, కానీ నిమిషానికోసారి వేయడమే మేలు: 10 నాట్ల (గంటకి 10 నాటికల్ మైళ్ల) వేగంతో వచ్చే ఓడ అర నాటికల్ మైలుని మూడు నిమిషాల్లో దాటేస్తుంది. అలా వేసినా గంటకి బ్యాటరీలో ఖర్చయ్యేది సుమారు రెండు ఆంపియర్ అవర్లే. కూత వేశాక ఇంజన్ తగ్గించి చెవి పెట్టండి. మంచులో శబ్దం వచ్చే దిక్కు మోసం చేస్తుంది, దాన్ని నమ్మి చుక్కాని తిప్పకండి.

రాత్రి ఓడ కళ్లకి కనిపిస్తూ మీదికే వస్తుంటే వెంటవెంటనే ఐదు పొట్టి కూతలు, వాటితోపాటు టార్చితో ఐదు మెరుపులు.

బ్యాటరీ లేని తెప్పకి ఈ హారన్ కొనకండి, గ్యాసు డబ్బా హారన్ తీసుకోండి. గ్యాసు ఎప్పుడు అయిపోతుందో చెప్పలేం కాబట్టి లైఫ్ జాకెట్‌కి నోటి విజిల్ కూడా కట్టి ఉంచండి.